ఆరు దెబ్బలు చాలినచోట

గోల్ఫ్ ఆటను గురించియు, ఆ ఆటకును మన మదుపు వ్యవహారములకును గల సంబంధమును గురించియు ఈ పూట కొంతసేపు ముచ్చటింపదలచితిని. గోల్ఫ్ అను మాట చెవిని పడగానే, అది పెద్ద జీతగాండ్ల వినోదమనియు, మనబోంట్లకు దానితో పని లేదనియు, కొందరు రేడియో కట్టివేయుటకు లేచియుందురు. వారిని ఒక్క నిమిషము కూర్చుండుడని వేడుకొనుచున్నాను. ఆట ఆడుట వేరు, ఆడువారిని చూచి బుద్ధి తెచ్చుకొనుట వేరు. ఈ రెండవదానికి సభ్యత్వ రుసుము లేదు.

ఆట తెలియనివారికి రెండు మాటలు. విశాలమైన పచ్చికబయలులో 18 గుంటలుండును. ఒక్కొక్క గుంటకు ఒక్కొక్క దారి. ఆ దారిలో ఇసుక బంకర్లు, వాగులు, మోకాలెత్తు గడ్డి, చెట్లు అడ్డుపడుచుండును. మొదట నిలిచిన చోటినుండి బంతిని కర్రతో కొట్టుకొనుచుపోయి గుంటలో పడవేయవలెను. నిపుణుడైనవాడు ఎన్ని దెబ్బలలో ఆ పని ముగింపగలడో అది ఆ గుంటకు పార్ అనబడును. అందరికన్న తక్కువ దెబ్బలతో ముగించినవాడు విజేత. ఇంతియే ఆట. ఇది మన దేశమునకు కొత్తయు కాదు. కలకత్తాలోని రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ 1829లో పుట్టినది, బ్రిటిష్ దీవుల వెలుపల దానికన్న పాతది లేదు. గోలకొండ నయాఖిల్లా గోడల చెంత నేడును ఆడుచున్నారు.

ఇక కథలోనికి వత్తము. 1999వ సంవత్సరము జూలై మాసమున, స్కాట్లండు తూర్పు తీరమునందలి కార్నూస్టీ మైదానములో బ్రిటిష్ ఓపెన్ పోటీ జరిగినది. నాలుగు దినముల ఆటలో 71 గుంటలు ముగిసి 72వది మాత్రము మిగిలియుండగా, ఫ్రాన్సు దేశస్థుడైన జాన్ వాన్ ద వెల్డ్ తక్కినవారందరికన్న మూడు దెబ్బల ఆధిక్యముతో నిలిచియుండెను. 1907లో ఆర్నో మాసీ గెలిచిన పిమ్మట ఫ్రెంచివాడొక్కడును ఆ పోటీ బహుమానమైన వెండికూజాను అందుకొని యుండలేదు. ఆ కడపటి గుంటకు పార్ నాలుగు. అతడు నాలుగింట ముగింపవలసిన అగత్యము లేదు, అయిదింటనైనను అక్కరలేదు. ఆరు దెబ్బలు కొట్టినను కూజా అతనిదే. చిన్న కర్ర పుచ్చుకొని నింపాదిగా మూడుమార్లు ముందునకు తోలి, గ్రీను, అనగా గుంట చుట్టునున్న నున్నని పచ్చిక, మీదికి చేర్చి, అక్కడ మూడు తట్లు తట్టినను లెక్క సరిపోవును.

అతడు సంచిలోనుండి తీసినది డ్రైవర్, అనగా అన్నింటికన్న పొడవైన కర్ర, అన్నింటికన్న ఎక్కువ దూరము పోవునది, అన్నింటికన్న ఎక్కువ దారి తప్పునది. బంతి కుడివైపునకు కొట్టుకొనిపోయి, బారీ బర్న్ అను వాగు వంకరలను తప్పించుకొని, పక్క గుంట దారిలో పొడినేల మీద పడెను. అదృష్టమే. రెండవ దెబ్బకైనను చిన్న కర్ర తీయునని అందరు ననుకొనిరి. అతడు రెండవ నంబరు ఐరన్ అను దూరపు కర్ర తీసి నేరుగా గ్రీనుకే గురిపెట్టెను. బంతి ప్రేక్షకుల గ్యాలరీ కమ్మీకి తగిలి వెనుకకు ఎగిరి, వాగు గట్టున కట్టిన రాతిగోడ అంచున పడి, మరల లేచి, దట్టమైన గడ్డిలో దూరెను. మూడవ దెబ్బ గడ్డికి చిక్కువడి, బంతి వాగు పాలయ్యెను. అప్పుడతడు బూట్లును మేజోళ్లును విప్పి, పంట్లాము మడిచి, నీటిలోనికి దిగి, నడుముపై చేతులుంచుకొని బంతివంక చూచుచు నిలిచిన దృశ్యమును లోకమంతయు టెలివిజనులో చూచినది. అక్కడినుండి కొట్టుట సాధ్యము కాదని తేలిన పిదప ఒక దెబ్బ దండుగ చెల్లించి బంతిని వెలుపల వేసికొనెను, అది నాలుగు. అయిదవది ఇసుక బంకర్లో పడెను. ఆరవది గ్రీను మీదికి వచ్చెను. ఏడవదానిని, ఆ కలవరములోను చేయి వణకనీయక, గుంటలో వేసెను. దానితో ముగ్గురు సమానులైరి. నాలుగు గుంటల అదనపు పోటీలో, ఆ ఉదయము పది దెబ్బల వెనుక నుండి ఆట మొదలుపెట్టిన పాల్ లారీ అను స్కాట్లండు ఆటగాడు గెలిచెను.

ఓడినవానిని నవ్వుట సులభము. అతడు పిరికివాడు కాడు, పనికిమాలినవాడును కాడు. మూడు దినములకు పైగా లోకములోని మేటి ఆటగాండ్రను వెనుకకు నెట్టినవాడు. కమ్మీకి తగిలిన బంతి అంగుళము ఇటునటుగా పోయినచో కథ మరియొక విధముగా ముగిసియుండును. అయినను నా అభిప్రాయము మారదు. బంతి చక్కగా గ్రీను మీద పడి అతడు గెలిచియున్నను, ఆ కర్ర తీయుట తప్పే. ఆరు దెబ్బలు చాలినచోట నాలుగింటికి గురిపెట్టువాడు, తనకు అక్కరలేని లాభమునకై, తాను పోగొట్టుకొనజాలని వస్తువును పణముగా పెట్టుచున్నాడు. ఫలితము మంచిదైనంత మాత్రమున నిర్ణయము మంచిది కాదు. మదుపు లోకములో ఈ భేదమును గుర్తింపనివారే ఎక్కువ; ఒకసారి తప్పుదారిని లాభము గడించినవాడు అదే దారిని పదిమందికి ఉపదేశించుచు తిరుగును.

మన ఇండ్లలో ఈ నాటకము ఎట్లు జరుగునో చూడుడు. ఒక ఉద్యోగి పదవీవిరమణ చేసినాడు. సొంత ఇల్లున్నది, పింఛను వచ్చుచున్నది, పిల్లల పెండ్లిండ్లు అయిపోయినవి. చేతికి వచ్చిన ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ సొమ్ము బ్యాంకులోనో తపాలా కార్యాలయములోనో ఉంచి, అందులో కొంత భాగము మాత్రము మంచి కంపెనీల వాటాలలోనికి మళ్లించుకొన్నచో, ధరల పెరుగుదలను తట్టుకొని జీవితాంతము సుఖముగా గడుపవచ్చును. అతనికి కావలసినది ఆరు దెబ్బలే. కాని మేనల్లుడెవరో ఫోనులో ఆప్షన్లు కొని నెలలో సొమ్ము రెట్టింపు చేసినాడని వినును. డ్రైవర్ చేతికి వచ్చును. ఫ్యూచర్సు, ఆప్షన్ల వ్యాపారము చేయు వ్యక్తులను గురించి మార్కెట్టు నియంత్రణ సంస్థయైన సెబీ 2023 జనవరిలో వెలువరించిన అధ్యయనములో, పదిమందిలో దాదాపు తొమ్మండుగురు నష్టపోయినట్లు తేలినది. మేనల్లుడు ఆ పదవవాడో, లేక ఈ నెల లాభము మాత్రము చెప్పి గడచిన ఆరు నెలల నష్టము దాచినవాడో, ఫోనులో తెలియదు.

గోల్ఫ్ చరిత్రలో ఇందుకు భిన్నమైన స్వభావము గలవారును కలరు. వారిని గురించి పాటలు కట్టువారు లేరు గాని బహుమానముల పట్టికలో వారి పేర్లు స్థిరముగా నున్నవి. 1959లో న్యూయార్కు సమీపమున వింగెడ్ ఫుట్ మైదానములో అమెరికా ఓపెన్ ఆడిన బిల్లీ కాస్పర్, మూడవ గుంట చుట్టునున్న బంకర్లకు జంకి, నాలుగు దినములును బంతిని గ్రీనుకు కావాలనే ముందుగా ఆపి, అక్కడినుండి చిన్న దెబ్బతో దగ్గరకు చేర్చి, నాలుగు దినములును పార్ సాధించెను. పోటీ గెలిచినది అతడే, అదియు ఒక్క దెబ్బ తేడాతో. 1987లో మ్యూర్‌ఫీల్డ్‌లో నిక్ ఫాల్డో కడపటి దినమున 18 గుంటలకును 18 పార్లు ఆడెను. ఒక్క గుంటలోను మెరుపు లేదు, ఒక్క గుంటలోను ప్రమాదము లేదు. ఆ చల్లని ఆటను చూచి కొందరు ఆవులించియుందురు. వెండికూజా ఫాల్డో ఇంటికి పోయినది.

ఈ మాటనే అమెరికాలో ఛార్లెస్ ఎల్లిస్ అను మదుపు సలహాదారు 1975లో వ్రాసిన ప్రసిద్ధ వ్యాసములో మదుపునకు అన్వయించెను. గొప్ప దెబ్బలు కొట్టి గెలుచు ఆటలు కొన్ని, ఎదుటివానికన్న తక్కువ తప్పులు చేసి గెలుచు ఆటలు కొన్ని ఉండునని చెప్పి, నిపుణులే నిపుణులతో పోరాడు నేటి మార్కెట్టు రెండవ తెగకు చేరినదని అతడు వాదించెను. ఎల్లిస్ ముఖ్యముగా టెన్నిసు నుండి ఉపమానము తెచ్చుకొన్నాడు గాని, గోల్ఫ్ గురువు టామీ ఆర్మర్ బోధనను కూడ తోడు తెచ్చుకొన్నాడు: చెడ్డ దెబ్బలు తగ్గించుకొనుటయే గెలుపు మార్గమని ఆర్మర్ సిద్ధాంతము. విచిత్రమేమనగా, ఈ ఆర్మర్ 1931లో బ్రిటిష్ ఓపెన్ గెలిచినది ఆ కార్నూస్టీలోనే.

ఇచ్చట గోల్ఫునకును ధనమునకును గల ఒక పెద్ద భేదమును చెప్పకతప్పదు. గోల్ఫులో లెక్క కూడిక. ఒక గుంటలో ఏడు పడినచో మూడు దెబ్బలు నష్టము. తరువాతి గుంటకు పోవునప్పటికి ఆట మరల మొదటినుండియే. ధనములో లెక్క గుణకారము. నిరుటి నష్టము ఈ యేటి లాభమును కూడ తఱుగగొట్టును. నూరు రూపాయలలో 20 పోయినచో, మిగిలిన 80 మరల నూరగుటకు నూటికి 25 వంతున లాభము రావలెను. యాబది పోయినచో నూటికి నూరు రావలెను. ఎనుబది పోయినచో నూటికి 400 రావలెను. అట్టి లాభము ఎన్ని జన్మములకు వచ్చునో! మరియొక లెక్క చూడుడు. ఒకడు తన లక్ష రూపాయల మీద మొదటి ఏడు నూటికి 40 గడించి, రెండవ ఏడు 30 పోగొట్టుకొన్నాడు. రెండింటి సగటు నూటికి అయిదు. మరియొకడు ఏటేట నింపాదిగా అయిదు వంతున గడించినాడు. సగటు ఇద్దరిదియు ఒక్కటే. కాని రెండేండ్ల చివర మొదటివానియొద్ద 98,000 రూపాయలును, రెండవవానియొద్ద 1,10,250 రూపాయలును ఉన్నవి. మొదటివాడు 40 వచ్చిన ఏట బంధువులందరికిని చెప్పుకొన్నవాడు. కావున వాన్ ద వెల్డ్ చేసిన పొరపాటు, ఆటలో కన్న సంసారములో పదిరెట్లు ప్రమాదకరము. అతడు మరుసటి వారము మరియొక పోటీలో సున్న నుండి ఆరంభింపగలడు. అరువది యేండ్లవాడు పోయిన మూలధనమును ఎక్కడినుండి ఆరంభించును?

ఇక కర్రల సంచి సంగతి. గోల్ఫ్ నియమములనుబట్టి ఆటగాడు 14 కర్రలకు మించి తీసికొనిపోరాదు. ఈ హద్దును అమెరికావారు 1938 నుండియు, స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ క్లబ్బు పెద్దలు 1939 నుండియు విధించిరి. అంతకుముందు ఇరువదికి పైబడి కర్రలు మోయించినవారు కలరు, పాపము మోసినవాడు కుర్రవాడు. కర్రలు పలువిధములుగా నుండుట ఏల? దూరమునకు ఒకటి, ఇసుకలోనుండి ఎత్తుటకు ఒకటి, గ్రీను మీద తట్టుటకు ఒకటి. ఒకదాని పని మరియొకటి చేయదు. పద్నాలుగు డ్రైవర్లు నింపుకొని బయలుదేరినవానిని సంచి నిండుగా ఉన్నదని ఎవ్వరును మెచ్చుకొనరు.

మదుపులో ఈ సూక్ష్మమును గణితముతో నిరూపించినవాడు హారీ మార్కోవిట్జ్. 1952లో, ఇంకను విద్యార్థిదశ దాటని వయస్సులో, అతడు ప్రకటించిన వ్యాసమునకు 1990లో నోబెల్ బహుమానము వచ్చినది. ఒక వాటా విడిగా ఎంత ప్రమాదకరమో చూచిన చాలదు, అది తక్కినవాటితో కలిసి పడునా, అవి పడునప్పుడు తాను నిలుచునా అనునది చూడవలెనని అతని వాదన సారాంశము. మన మధ్యతరగతి సంసారుల ఆస్తుల పట్టికను ఈ కంటితో చూచినచో నాకు దిగులు కలుగును. ఉన్న ఫ్లాటు హైదరాబాదులో. అప్పు తీరకముందే కొన్న మరియొక ఫ్లాటు హైదరాబాదులో. ఔటర్ రింగ్ రోడ్డు ఆవల వెంచరులో రెండు ప్లాట్లు. బావమరదితో కలిసి కొన్న అరయెకరము ఆ పక్కనే. అడిగినచో ఆ సంసారి అయిదుచోట్ల పెట్టితినని ధీమాగా చెప్పును. ఒకే చెరువు కింద అయిదు మళ్లు సాగుచేయువానికి, చెరువు ఎండిన ఏట పంట ఎక్కడినుండి వచ్చును? మ్యూచువల్ ఫండ్ల మాటయు ఇట్టిదే. ఆరు ఫండ్లు కొన్నవాడు ఆ ఆరింటి జాబితాలు పక్కపక్కన పెట్టి చూచినచో, అన్నింటిలోను అవే పెద్ద బ్యాంకులు, అవే సాఫ్ట్‌వేర్ కంపెనీలు కనబడవచ్చును. పేర్లు ఆరు, కర్ర ఒక్కటి.

ఈ విషయములో తెలుగువారికి ఒక చేదు జ్ఞాపకము కలదు. 2009 జనవరి 7వ తేదీ ఉదయము, హైదరాబాదు కేంద్రముగా గల సత్యం కంప్యూటర్స్ అధిపతి తమ లెక్కలు ఏండ్ల తరబడి దొంగలెక్కలని లేఖ వ్రాసి ఒప్పుకొన్నాడు. పుస్తకములలో చూపిన నగదులో 5,000 కోట్ల రూపాయలకు పైగా అసలు లేనేలేదని తేలినది. ముందుదినము 179 రూపాయలకు దగ్గరగా ఉండిన వాటా ఆ సాయంకాలమునకు 40 రూపాయలకు పడిపోయినది. అది అంతకుముందు చెడ్డపేరు గల కంపెనీ కాదు; మన ఊరి కంపెనీ, మన పిల్లలు పనిచేయు కంపెనీ. అందు ఉద్యోగము చేయుచు, ఉద్యోగులకిచ్చిన వాటాలు అమ్మక దాచుకొని, ఆ జీతము మీదనే గృహఋణము తెచ్చుకొన్నవాని అవస్థ తలచుకొనుడు: జీతము, పొదుపు, ఇల్లు, మూడును ఒక్క లేఖతో ఊగిసలాడినవి. తనకు జీతమిచ్చు సంస్థ వాటాలను మితముగా ఉంచుకొనుట కృతఘ్నత కాదు. పరిచయమున్నచోట భయము తగ్గును. భయము తగ్గినంత మాత్రమున ప్రమాదము తగ్గదు.

అట్లని పద్నాలుగు కర్రలు నింపుకొనుట అందరికిని అవసరము కాదు. బెంజమిన్ గ్రాహమ్ సామాన్య మదుపరికి చెప్పిన విధానము ఎంత సరళమో! వాటాలు సగము, స్థిరమైన రాబడినిచ్చు బాండ్లు సగము; కాలమునుబట్టి అటునిటు మార్చుకొన్నను, ఏదియు నాలుగవ వంతునకు తగ్గరాదు, ముప్పాతికకు మించరాదు. వాటాలు పెరిగి తమ భాగము మించినప్పుడు కొంత అమ్మి రెండవవైపు నింపవలెను, పడినప్పుడు అటునుండి తెచ్చి ఇటు పూరింపవలెను. పది నిమిషముల పని. కాని పెరుగుచున్నదానిని అమ్మి, పడుచున్నదానిని కొనుటకు మనస్సు ఒప్పదు. ఒప్పదు కనుకనే దానిని నియమముగా వ్రాసికొని, సంవత్సరమున కొకసారి, ఉగాదికో పుట్టినరోజుకో, కన్నులు మూసికొని అమలు జరుపవలెను.

సంచిలోని కర్రలలో చూచువారు లెక్కపెట్టనిది, ఆడువారు ఎక్కువగా వాడునది పుటర్. గ్రీను మీద బంతిని గుంటవైపు నెమ్మదిగా తట్టు పొట్టికర్ర అది. పార్ లెక్క కట్టుటలోనే గుంట కొకటికి రెండు తట్లు చేర్చియుందురు. అనగా 72 దెబ్బల ఆటలో 36, సరిగా సగము, ఆ పొట్టికర్రవే. మూడువందల గజముల దూరము మ్రోగుచు పోయిన దెబ్బయు ఒకటే, మూడడుగుల తట్టును ఒకటే. పట్టికలో రెంటికిని సమానమైన గౌరవము. మదుపులో పుటరు వంటివి ఖర్చులు, రుసుములు, దళారి కమీషన్లు, అనవసరముగా కొని అమ్ముటవలన పడు పన్నులు. వీనిని గురించి విందులలో ఎవ్వరును మాటలాడరు. ఒక లక్ష రూపాయలు ఏటికి నూటికి 12 వంతున 25 ఏండ్లు పెరిగినచో 17 లక్షలగును. అందులో ఏటేట ఒక్క వంతు మాత్రము రుసుముల క్రింద పోయి 11 మిగిలినచో పదమూడున్నర లక్షలకు కొంచెము పైన నిలుచును. ఒక్కటే కదా యని ఊరుకొన్న ఆ వంతు, మొదట పెట్టిన సొమ్మునకు మూడురెట్లకు మించి తినివేసినది. సామాన్యులకై 1976లో, మార్కెట్టు సూచికను అనుసరించు ఇండెక్సు ఫండును ఆరంభించిన జాన్ బోగుల్ జీవితమంతయు ఈ ఒక్క లెక్కనే విసుగులేక చెప్పెను. ఇంకొక మాట: కార్నూస్టీ పరాభవము జరిగిన ఆ యేడే చలికాలములో, వాన్ ద వెల్డ్ అదే గుంటను వినోదమునకై పుటరు ఒక్కటే పుచ్చుకొని ఆడెను. మూడవ ప్రయత్నములో ఆరు దెబ్బలకు ముగించెను.

సముద్రతీరపు మైదానములలో గాలి ఆటగానికి ప్రధాన శత్రువు. ఉదయము చిన్న ఐరనుతో చేరిన గుంటకు, సాయంకాలము ఎదురుగాలిలో పెద్ద కర్ర చాలకపోవచ్చును. గాలికి అలిగి ఇంటికి పోయినవాడు గెలువడు. అది వీచునప్పుడు అందరికిని వీచును. మార్కెట్టులో మొత్తముగా వచ్చు పతనము ఇట్టి గాలి. 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్సు, ఆ అక్టోబరులో 8,000 దిగువను తాకినది. 2010 నవంబరులో, దీపావళినాటికి, మరల 21,000 చేరినది. 2020 మార్చి 23న, కరోనా భయములో, ఒక్కదినమున 3,900 పాయింట్లకు మించి పడినది. ఆ సంవత్సరము ముగియకముందే పాత శిఖరమును దాటినది. ఓర్చినవారు బాగుపడిరి. కాని ఓర్పు నీతివాక్యముల వలన రాదు. 2008 అక్టోబరులో అమ్ముకొన్నవారిలో ధైర్యము లేనివారు కొందరైతే, కొడుకు కాలేజీ ఫీజు కట్టుటకు వేరు దారి లేనివారు మరికొందరు. ఆరునెలల ఇంటిఖర్చు డిపాజిటులో విడిగా ఉన్నవానికి ఓర్పు తనంతట తానే వచ్చును.

అయితే పడిన ప్రతిదియు లేచునని నమ్ముటయు మూఢత్వమే. గోల్ఫులో ఒక చక్కని నియమము కలదు. బంతి పొదలోనో, చెట్టువేళ్ల నడుమనో చిక్కుకొన్నప్పుడు, ఇది ఆడుటకు వీలుకానిదని ఆటగాడు ప్రకటించి, ఒక దెబ్బ దండుగ వేయించుకొని, బంతిని బాగైన చోట వేసికొనవచ్చును. నీటి హద్దులలో తప్ప మైదానములో ఎక్కడైనను ఈ హక్కు చెల్లును. వీలవునా కాదా అని తీర్పు చెప్పువాడు అతడొక్కడే. అహంకారి ఆ ఒక్క దెబ్బ ఇచ్చుటకు మనసొప్పక, పొదలో నాలుగు దెబ్బలు పోగొట్టుకొనును. లెక్కలు తప్పని తేలిన కంపెనీ వాటా, అప్పులో మునిగి యాజమాన్యము మొగము చాటువేసిన కంపెనీ వాటా, ఇట్టి పొదలోని బంతి. కొన్న ధర వచ్చువరకు అమ్మనని పంతము పట్టి, ధర తగ్గిన కొలది మరికొంత కొని సగటు దింపుకొనువారిని చూచితిని. మనము కొన్న ధర వాటాకు తెలియదు. గాలికి తూలిన బంతికి ఓపిక మందు, పొదలో చిక్కిన బంతికి దండుగ మందు. రెండింటిని తారుమారు చేసినవాడు, మంచి వాటాలను మార్చిలో అమ్మి, చెడ్డ వాటాలను పిల్లలకు వారసత్వముగా ఇచ్చును.

పొరుగువానితో పోటీని గురించి ఎక్కువ చెప్పను. 1930లో ఒక్క ఏడాదిలో బ్రిటను, అమెరికాల నాలుగు పెద్ద బిరుదులను గెలిచిన బాబీ జోన్స్, జీతమునకు ఆడని న్యాయవాది, ఎదుటివానిని మరచి పార్‌తోనే పోరాడుట అలవరచుకొన్న పిదపనే గెలువనారంభించెను. మీ పార్ ఎంత, అనగా మీ ఇంటి అవసరములకు ఏటికి ఎంత వృద్ధి చాలునో, కాగితము మీద లెక్కవేసికొనుడు. అది మీరనుకొన్నదానికన్న చిన్నదిగా నుండవచ్చును.

కడపట ఒక విషయము. 1968లో అమెరికాలోని అగస్టా మైదానములో మాస్టర్స్ పోటీ జరిగినది. అర్జెంటీనా దేశపు రాబర్టో ద విసెంజో, అది తన 45వ పుట్టినరోజు, కడపటి దినమున 65 దెబ్బలతో అద్భుతముగా ఆడి, మొదటి స్థానమునకు సమానుడయ్యెను. కాని అతని లెక్క వ్రాయు తోటి ఆటగాడు 17వ గుంటలో మూడునకు బదులు నాలుగని వ్రాసినాడు. ద విసెంజో చూచుకొనక క్రింద సంతకము చేసినాడు. సంతకము పడిన పిదప ఎక్కువ అంకెయే చెల్లునని నియమము. లక్షలమంది కన్నులార చూచిన ఆట ఒకటి, కాగితము మీది ఆట ఒకటి, గెలిచినది కాగితము. బిరుదు బాబ్ గోల్బీకి పోయినది.

ధనవ్యవహారములలోను తుదిమాట కాగితముదే. మన దేశములో పదేండ్లు కదలిక లేని బ్యాంకు డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి చేరును. ఏడేండ్లు ఎవ్వరును తీసికొనని డివిడెండ్లు, వానితోపాటు వాటాలును, ప్రభుత్వము వారి మదుపరుల నిధికి పోవును. తిరిగి పొందుటకు దారి ఉన్నది గాని, ఆ దారిలో తిరుగవలసినది ప్రాయికముగా భర్త పోయిన ఇల్లాలు. నామినీ పేరు వ్రాయకపోవుట, పెండ్లికి ముందు వ్రాసిన నామినీని మార్చకపోవుట, ఆధారులో ఒక తీరున, పాసుబుక్కులో ఒక తీరున ఇంటిపేరు ఉండుట: చాలమార్లు కారణములు ఇంత చిన్నవి. కావున నా మనవి ఇది. రానున్న ఆదివారము మీ డిపాజిట్ల రసీదులు, ఫండ్ల పత్రములు, బీమా కాగితములు, డీమ్యాట్ ఖాతా వివరములు ఒక్కచోట పెట్టి, ప్రతిదానిమీద నామినీ పేరు చదువుడు. ఇంటిలోనివారిని పిలిచి, ఏది ఎక్కడ ఉన్నదో చూపుడు. పేరు తప్పుగా ఉన్నచో సోమవారమే బ్యాంకునకు పోయి దిద్దించుడు.